దెబ్బ తగిలింది కింద.. పగిలింది లోపల! రేసింగ్ సెయిల్‌బోట్‌కు కీల్ దెబ్బతింటే ఎలా రిపేర్ చేస్తారు? కనిపించని పగులు ఎందుకంత డేంజర్?

2014 నవంబర్ 29. హిందూ మహాసముద్రం. చీకటి పడిన కాసేపటికే 65 అడుగుల రేసింగ్ సెయిల్‌బోట్ ఒకటి దాదాపు 19 నాట్ల వేగంతో, అంటే గంటకు 35 కిలోమీటర్ల స్పీడ్‌తో పగడపు దిబ్బను ఢీకొట్టింది. చుక్కానులు విరిగిపోయాయి. వెనక భాగం నుజ్జయింది. లక్కీగా లోపలున్న తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పడవను చూసినవాళ్లంతా ఇక ఇది తుక్కుకే అనుకున్నారు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి అదే పడవ మళ్లీ అదే రేసులో నిలబడింది!

అదే ఏడాది మే నెలలో ఇంకో పడవ. 40 అడుగుల రేసింగ్ యాట్. బయటికి ఏ దెబ్బా కనిపించలేదు. రేసు పూర్తి చేసుకుని ఇంటికి వెళ్తోంది. అట్లాంటిక్ మధ్యలో దాని అడుగున ఉండాల్సిన కీల్ ఊడిపోయింది. పడవ తిరగబడింది. అందులో ఉన్న నలుగురూ తిరిగి రాలేదు.

నుజ్జయిన పడవ బతికింది, బాగానే ఉందనుకున్న పడవ మునిగింది. ఈ రెండింటి మధ్య తేడా ఏంటి? సెయిల్‌బోట్ రిపేర్‌లో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ వివరాలేంటో చూద్దాం..

అసలు కీల్ అంటే ఏంటి?

సెయిల్‌బోట్ బాడీని హల్ అంటారు. ఆ హల్ అడుగున, నీళ్లలోకి నిలువుగా దిగి ఉండే రెక్క లాంటి భాగమే కీల్. దాని చివర చాలా పడవల్లో సీసంతో చేసిన బరువైన దిమ్మ ఉంటుంది. దాన్ని బల్బ్ అంటారు.

కీల్ రెండు పనులు చేస్తుంది. ఒకటి.. గాలి పక్క నుంచి తోసినప్పుడు పడవ పక్కకు జారిపోకుండా నీటిని పట్టుకుంటుంది. రెండు.. గాలికి పడవ వాలినప్పుడు మళ్లీ నిటారుగా లేపుతుంది. బొమ్మల కొలువులో పెట్టే తంజావూరు బొమ్మ గుర్తుందా? ఎటు తోసినా లేచి నిలబడుతుంది కదా. అడుగున బరువు ఉండటమే దాని రహస్యం. కీల్ సూత్రమూ అదే.

హుస్సేన్ సాగర్‌లో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగినప్పుడు మీరు చూసే చిన్న లేజర్ పడవలకు ఇలాంటి బరువైన కీల్ ఉండదు. మధ్యలో చేత్తో పైకి లాగేసే ఒక పలక మాత్రమే ఉంటుంది. పడవ తిరగబడితే సెయిలర్ ఆ పలక మీద నిలబడి, తన బరువుతోనే పడవను లేపుకుంటాడు. కానీ సముద్రం దాటే పెద్ద రేసింగ్ పడవను మనిషి బరువుతో లేపలేం. అక్కడ మొత్తం భారం కీల్ మీదే. అది ఊడితే పడవ నిలబడే ఛాన్సే ఉండదు.

ఒక్క బోల్టుకు ఎంత లోడ్?

చిన్న లెక్క వేద్దాం. ఒక పడవ కీల్ బరువు 2 టన్నులు అనుకుందాం. ఆ బరువంతా హల్‌కు సగటున 1.5 మీటర్ల కింద ఉందనుకుందాం. అలల దెబ్బకు పడవ పూర్తిగా పక్కకు పడుకుంటే ఆ కీల్ గాల్లో అడ్డంగా వేలాడుతుంది. అప్పుడు దాని లాగుడు 2 ఇంటూ 1.5.. అంటే 3 టన్ను మీటర్లు.

ఈ లాగుడును తట్టుకోవాల్సింది కీల్‌ను హల్‌కు బిగించిన బోల్టులే. రెండు వరసల బోల్టుల మధ్య దూరం 20 సెంటీమీటర్లే ఉంటే, ఒక పక్క వరస మీద పడే లోడ్ ఏకంగా 15 టన్నులు! గునపంతో బండరాయిని లేపినట్టే. గునపం ఎంత పొడవుంటే అవతల చివర అంత బలం పనిచేస్తుంది. ఇక్కడ ఆ పొడవైన గునపం కీల్. అవతల చివర ఉన్నది మన పడవ అడుగు.

రేసింగ్ పడవల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. స్పీడ్ కోసం డిజైనర్లు హల్‌ను వీలైనంత పల్చగా, తేలిగ్గా చేస్తారు. కీల్‌ను మాత్రం సన్నగా, పొడవుగా చేస్తారు. పైన చెప్పిన 65 అడుగుల పడవల క్లాసులో కీల్ అంచు నీటి మట్టానికి 4.78 మీటర్ల లోతుకు దిగుతుంది. అంటే ఒకటిన్నర అంతస్తు ఎత్తు! అంతేకాదు, ఆ కీల్‌ను హైడ్రాలిక్స్‌తో అటూ ఇటూ 40 డిగ్రీల వరకు వంచొచ్చు కూడా.

నేలను తాకితే లోపల ఏం జరుగుతుంది?

పడవ అడుగు ఇసుకకో, రాయికో తగలడాన్ని గ్రౌండింగ్ అంటారు. తగిలిన చోట కీల్ కొనకు ఓ సొట్ట, కాస్త గీతలు. చాలామంది దాన్ని చూసి హమ్మయ్య, ఇంతేనా అనుకుంటారు. ట్విస్ట్ ఇక్కడే ఉంది.

కీల్ కింది కొన రాయికి తగిలి ఒక్కసారిగా ఆగుతుంది. కానీ పైనున్న పడవ వెంటనే ఆగదు. బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, పడవ మొత్తం ముందుకు తూలుతుంది. దాంతో కీల్ పైభాగం తిరగడానికి ప్రయత్నిస్తుంది. ముందు వైపు అంచు హల్ నుంచి విడిపోయేలా కిందికి లాగుతుంది. వెనక వైపు అంచు ఉలి దింపినట్టు హల్‌లోకి పైకి పొడుచుకొస్తుంది.

అందుకే దెబ్బ తగిలింది కీల్ కొనకే అయినా, అసలు నష్టం రెండు మీటర్ల పైన, పడవ లోపల జరుగుతుంది. ముఖ్యంగా మూడు చోట్ల చూడాలి. కీల్ ముందు అంచు దగ్గర జాయింట్. కీల్ వెనక అంచుకు సరిగ్గా పైన ఉండే హల్ భాగం. మూడోది, హల్ లోపల అడుగున ఉండే గ్రిడ్.

గ్రిడ్ అంటే పడవ అడుగున నిలువుగా, అడ్డంగా వేసిన దూలాల చట్రం. ఇంటి స్లాబ్‌కు బీమ్‌లు ఎలాగో పడవకు ఇది అలాగ. కీల్ లోడ్‌ను హల్ మొత్తానికి పంచేది ఇదే. కొన్ని పడవల్లో ఈ గ్రిడ్‌ను ముందే ఒకే ముక్కగా పోతపోసి, తర్వాత హల్‌కు జిగురుతో అతికిస్తారు. గట్టి దెబ్బ తగిలితే ఆ అతుకు ఊడుతుంది. పైన ఫ్లోరింగ్ అలాగే ఉంటుంది. బయట పెయింట్ అలాగే ఉంటుంది. మధ్యలో మాత్రం పట్టు పోయి ఉంటుంది.

కీల్ దేనితో చేశారన్నదీ ముఖ్యమే. సీసం మెత్తటి లోహం కాబట్టి దెబ్బకు సొట్టపోయి కొంత షాక్‌ను తనే తీసుకుంటుంది. పోత ఇనుము అలా కాదు. తను చెక్కుచెదరకుండా షాక్‌ను నేరుగా హల్‌కు పంపేస్తుంది. కాబట్టి కీల్‌కు ఏమీ కాలేదంటే పడవకూ ఏమీ కాలేదని అర్థం కాదు.

చీకీ రఫీకీ చెప్పిన చేదు పాఠం

మొదట్లో చెప్పిన 40 అడుగుల పడవ పేరు చీకీ రఫీకీ. బెనటో ఫస్ట్ 40.7 మోడల్. 2014 యాంటిగా సెయిలింగ్ వీక్‌లో పాల్గొని, కరీబియన్ నుంచి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు నలుగురు సిబ్బందితో బయల్దేరింది. మే 15న పడవలోకి నీళ్లు వస్తున్నాయని సిబ్బంది ఒడ్డుకు సమాచారం ఇచ్చారు. 16వ తేదీ తెల్లవారుజామున ప్రమాద సిగ్నల్ వచ్చింది. అప్పటికి పడవ కెనడాలోని నోవా స్కోషియాకు సుమారు 720 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది.

గాలింపు మొదలైంది. రెండు రోజులకు ఆగింది. బ్రిటన్ నుంచి ఒత్తిడి రావడంతో మళ్లీ మొదలైంది. మే 23న తలకిందులైన హల్ దొరికింది. కీల్ లేదు. ప్రాణాలు కాపాడాల్సిన లైఫ్ రాఫ్ట్ పెట్టిన చోటే ఉంది. అంటే దాన్ని బయటికి తీసే టైమ్ కూడా దొరకలేదన్నమాట.

బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎంఏఐబీ 2015లో రిపోర్ట్ ఇచ్చింది. కనిపించిన హల్‌ను ఒడ్డుకు చేర్చలేదు కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పలేదు. కానీ గతంలో జరిగిన గ్రౌండింగ్‌లు, ఆ తర్వాత గ్రిడ్‌కు, కీల్ భాగానికి చేసిన రిపేర్లు.. ఇవన్నీ కలిసి కీల్‌ను పట్టుకునే నిర్మాణాన్ని బలహీనపరిచి ఉండొచ్చని తేల్చింది. ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పింది. తేలిగ్గా నేలను తాకినా సరే గ్రిడ్ అతుకు ఊడొచ్చు, అది కంటికి కనిపించకపోవచ్చు అని.

ఒక్కమాటలో చెప్పాలంటే.. ఆ నలుగురి ప్రాణాలు తీసింది అట్లాంటిక్ తుపాను ఒక్కటే కాకపోవచ్చు. ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బలు కూడా కావొచ్చు.

మొదటి స్టెప్: డ్యామేజ్ ఎక్కడుందో పట్టుకోవడం

అందుకే మంచి బోట్ యార్డ్‌లో రిపేర్ అనగానే రెజిన్ డబ్బా తెరవరు. ముందు చెకింగ్. పడవను క్రేన్ పట్టీలతో నీళ్లలోంచి బయటికి లేపుతారు. ఆ తర్వాత ఇలా చూస్తారు..

కీల్, హల్ కలిసే గీత దగ్గర ముందు వైపు సందు తెరుచుకుందా? అక్కడి నుంచి నీళ్లు చెమ్మగిల్లుతున్నాయా? బోల్టుల చుట్టూ తుప్పు మరక కారిందా? లోపలి గ్రిడ్ మూలల్లో వెంట్రుక మందం పగుళ్లున్నాయా? ఇంతకుముందు సులువుగా తెరుచుకున్న ఫ్లోర్ పలకలు, క్యాబిన్ తలుపులు ఇప్పుడు బిగుసుకుపోతున్నాయా? తలుపు పట్టేస్తోందంటే పడవ షేప్ మారిందని అనుమానించాలి.

తర్వాత ట్యాపింగ్ టెస్ట్. పుచ్చకాయ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అచ్చం అలాగే చిన్న సుత్తితో హల్ అంతా తట్టుకుంటూ వెళ్తారు. గట్టిగా ఉన్న చోట ఖంగుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట బొద్దుగా, డొల్లగా వినిపిస్తుంది. అలా వినిపించిన ప్రతిచోటా మార్కర్‌తో గీత గీస్తారు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ స్కాన్, తేమ మీటర్, థర్మల్ కెమెరా కూడా వాడతారు.

ఇంకో టెస్ట్ ఇంకా సింపుల్. పడవ పట్టీలకు వేలాడుతుండగా ఒకరు కీల్ కింది కొనను పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు. ఇంకొకరు లోపల టార్చ్ పట్టుకుని బోల్టులు, గ్రిడ్ వైపు చూస్తుంటారు. ఏ మాత్రం కదలిక కనిపించినా, చిన్న బుడగలు లేచినా కేసు సీరియస్. ఆ తర్వాత పడవను మెల్లగా కీల్ మీదకు దించుతూ, హల్ లోపలికి నొక్కుకుపోతోందా అని గమనిస్తారు.

అప్పటికీ డౌట్ తీరకపోతే కీల్‌ను పూర్తిగా విప్పడమే. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే. కానీ హల్‌కు, కీల్‌కు మధ్య ఇరుక్కున్న బోల్టు భాగం బయటికి కనిపించాలంటే వేరే దారి లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదని మనం అనుకుంటాం. నిజానికి దాని మీద ఉండే పల్చటి రక్షణ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని చోట ఉప్పు నీళ్లు చేరితే ఆ పొర పోతుంది, స్టీల్ లోపల్లోపలే తినేసుకుపోతుంది. పైన నట్టు తళతళ మెరుస్తున్నా, కింద బోల్టు పెన్సిల్ ములుకులా సన్నబడి ఉండొచ్చు.

రెండో స్టెప్: పాడైంది మొత్తం తీసేయడం

ఇప్పుడు అసలు రిపేర్. ఇక్కడ మన తీరంతో ఒక పోలిక ఉంది. విశాఖ, కాకినాడ వైపు మత్స్యకారులు వాడే ఫైబర్ తెప్పలు చూసే ఉంటారు. వాటికి చిల్లు పడితే ఫైబర్ మ్యాట్, రెజిన్‌తో ప్యాచ్ వేయడం అక్కడ మామూలు పని. రేసింగ్ పడవ హల్ కూడా ప్రాథమికంగా అదే జాతి. గ్లాస్ లేదా కార్బన్ ఫైబర్ పొరలు, వాటిని పట్టి ఉంచే రెజిన్. తేడా ఏంటంటే.. తెప్ప అడుగున టన్నుల బరువుతో లాగే కీల్ ఉండదు. అందుకే నీళ్లు రాకుండా ఆపే ప్యాచ్ ఇక్కడ సరిపోదు. పోయిన బలం మళ్లీ రావాలి.

ముందుగా విడిపోయిన పొరలన్నీ గ్రైండర్‌తో తీసేస్తారు, గట్టి భాగం తగిలేదాకా. రేసింగ్ పడవల్లో చాలావాటికి హల్ రెండు పొరల మధ్య ఫోమ్ లాంటి కోర్ ఉంటుంది. శాండ్‌విచ్ అన్నమాట. దాంట్లోకి నీళ్లు దిగితే తడిసిన మేరా కోసి తీసేయాల్సిందే. తడి ఆరకుండా పైన కప్పేస్తే కొత్త పొర పట్టదు. ఆరబెట్టడానికే ఒక్కోసారి వారాలు పడుతుంది.

తర్వాత చాలా కీలకమైన పని.. అంచులను ఏటవాలుగా చెక్కడం. కొత్త రెజిన్ పాత గట్టిపడిన రెజిన్‌తో కరిగి కలిసిపోదు. కేవలం జిగురులా అతుక్కుంటుంది. కాబట్టి అతుకు ఎంత వెడల్పుగా ఉంటే అంత బలం. వడ్రంగులు రెండు దూలాలను కలపడానికి ఏటవాలు జాయింట్ వేసేది ఇందుకే.

మామూలు ఫైబర్‌గ్లాస్ స్ట్రక్చర్ రిపేర్‌కు వాడే నిష్పత్తి 1:12. అంటే హల్ మందం 10 మిల్లీమీటర్లు ఉంటే, ఏటవాలు చుట్టూ 120 మిల్లీమీటర్లు పోవాలి. ఈ లెక్కన 5 సెంటీమీటర్ల చిన్న రంధ్రం పూడ్చడానికి 29 సెంటీమీటర్ల వెడల్పున చెక్కాలి! బయటివాళ్లు చూస్తే ఇంత చిన్న దెబ్బకు ఇంత పెద్ద గొయ్యి ఎందుకు తవ్వారని తిట్టుకుంటారు. కానీ ఎక్కువ లోడ్ మోసే కార్బన్ ఫైబర్‌కు ఇంతకన్నా పొడవైన ఏటవాలే కావాలి.

మూడో స్టెప్: పొర మీద పొర

ఫైబర్ గుడ్డను ఎటు పడితే అటు వేయరు. ఫైబర్ దారం పొడవునా లాగితే ఉక్కులా ఉంటుంది, అడ్డంగా లాగితే బలం ఉండదు. అందుకే డిజైనర్ ఒక్కో పొరకు ఒక్కో దిశ పెడతాడు. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, కొన్ని 45 డిగ్రీల కోణంలో. రిపేర్‌లో కూడా అదే వరస, అదే దిశ, అన్నే పొరలు రావాలి. లేఅవుట్ డ్రాయింగ్ కోసం ముందు డిజైనర్‌ను సంప్రదించేది అందుకే.

రెజిన్ విషయానికొస్తే.. కొత్త పడవ పాలిస్టర్‌తో కట్టినదైనా, స్ట్రక్చర్ రిపేర్‌కు ఎపాక్సీకే ఎక్కువగా మొగ్గు చూపుతారు. పాత పొరకు అది గట్టిగా పట్టుకుంటుంది. పొరలు వేశాక పైన ప్లాస్టిక్ షీట్ కప్పి, అంచులు సీల్ చేసి, పంపుతో గాలి లాగేస్తారు. దీన్నే వాక్యూమ్ బ్యాగింగ్ అంటారు. బయటి గాలి ఒత్తిడే పొరలను గట్టిగా నొక్కుతుంది. గాలి బుడగలు, అదనపు రెజిన్ బయటికి పోతాయి. ఆ తర్వాత రెజిన్ రకాన్ని బట్టి వేడి పెట్టి గట్టిపరుస్తారు. వాతావరణం చల్లగా ఉన్నా, తేమగా ఉన్నా రెజిన్ సరిగా సెట్ కాదు. అందుకే ఈ పని ఆరుబయట కాకుండా షెడ్‌లో చేస్తారు.

లోపల గ్రిడ్ అతుకు ఊడిన చోట పని ఇంకా ఓపికతో కూడుకున్నది. సందులోకి జిగురు పిచికారీ కొట్టి ముగించేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ సందులో అప్పటికే ఉప్పు నీళ్లు, నూనె, దుమ్ము చేరి ఉంటాయి. వాటి మీద ఏ జిగురూ నిలవదు. కాబట్టి అవసరమైతే గ్రిడ్‌ను కోసి తెరిచి, రెండు వైపులా గ్రైండ్ చేసి, శుభ్రం చేసి, మూలలను గుండ్రంగా నింపి, పైన కొత్త ఫైబర్ పొరలతో హల్‌కు కట్టేయాలి. పనంతా అయ్యేదాకా హల్‌కు చుట్టూ సపోర్ట్ ఉండాలి. లేదంటే వంగిన షేప్‌లోనే అది గట్టిపడిపోతుంది.

రేసింగ్ పడవకు ఇంకో తలనొప్పి.. బరువు. పొరలు ఎక్కువేస్తే బలం వస్తుంది కానీ పడవ బరువెక్కి స్లో అవుతుంది. పైగా పక్కనున్న భాగం కన్నా ప్యాచ్ మరీ గట్టిగా ఉంటే, లోడ్ అంతా ప్యాచ్ అంచు దగ్గర పోగై అక్కడ కొత్త పగులు మొదలవుతుంది. అందుకే ఎక్కువ వేస్తే మంచిదే కదా అన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు.

నాలుగో స్టెప్: కీల్‌ను మళ్లీ బిగించడం

హల్ రెడీ. ఇప్పుడు కీల్ వంతు. లోహపు కీల్ అయితే పగుళ్ల కోసం రంగు ద్రవం పూసి చూస్తారు. పగులు ఉంటే ఆ రంగు అందులోకి దిగి గీతలా బయటపడుతుంది. కీల్ వంకర తిరిగిందా అనీ కొలుస్తారు. కొంచెం వంకర ఉన్నా పడవ ఒక వైపు బాగా, ఇంకో వైపు నెమ్మదిగా వెళ్తుంది. కార్బన్ హల్‌కు లోహం నేరుగా తగిలితే ఉప్పు నీళ్లలో ఆ లోహం త్వరగా తినేసుకుపోతుంది. అందుకే మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేసి రెండింటినీ వేరు చేస్తారు.

పాత బోల్టుల మీద అనుమానం ఉంటే కొత్తవి వేస్తారు. నట్ల కింద వెడల్పాటి ప్లేట్లు పెడతారు, లోడ్ ఒకేచోట పడకుండా. రెండు ముఖాలూ శుభ్రం చేసి, సీలెంట్ పూసి, పడవను కీల్ మీదకు మెల్లగా దించుతారు. తర్వాత టార్క్ రెంచ్‌తో బిగింపు. ఎంత బిగించాలన్నది డిజైనర్ ఇచ్చిన లెక్క ప్రకారమే, అదీ వరస క్రమంలో. కారు చక్రం నట్లను ఎదురెదురుగా బిగించినట్టు. కొన్ని రోజులు గడిచాక, పడవ నీళ్లలోకి దిగాక మళ్లీ ఒకసారి చెక్ చేస్తారు.

ఆ తర్వాత సీ ట్రయల్. మొదట తేలికపాటి గాలిలో, తర్వాత గట్టి గాలిలో. ఒడ్డుకు రాగానే ముందు చూసేది పడవ అడుగున నీళ్లు చేరాయా అనే.

నుజ్జయిన పడవ ఎలా బతికింది?

ఇప్పుడు మళ్లీ 2014 నవంబర్‌కు వద్దాం. ఆ 65 అడుగుల పడవ పేరు టీమ్ వెస్టాస్ విండ్. వోల్వో ఓషన్ రేస్ రెండో అంచెలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి అబుదాబీ వెళ్తోంది. ఢీకొన్నది మారిషస్‌కు ఈశాన్యంగా, 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కార్గాడోస్ కారాజోస్ దిబ్బలను.

జీపీఎస్ ఉంది కదా, ఎలా గుద్దుకుంది అంటారా? ఫోన్‌లో మ్యాప్‌ను జూమ్ అవుట్ చేస్తే మన వీధి మాయమైపోతుంది కదా. అలాగే ఎలక్ట్రానిక్ చార్ట్‌ను తగినంత జూమ్ చేసి చూడకపోవడంతో ఆ దిబ్బ దృష్టికి రాలేదు. రేస్ నిర్వాహకులు వేసిన స్వతంత్ర కమిటీ 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలోనూ ప్రధానంగా ఎలక్ట్రానిక్ చార్ట్‌ల వాడకంలో లోపమే బయటపడింది.

డిసెంబర్‌లో పడవను దిబ్బ మీంచి తీశారు. ఓడ మీద ఎక్కించి ఇటలీ తరలించారు. బెర్గామో దగ్గరున్న పెర్సికో మెరైన్ యార్డ్‌లో రిపేర్ జరిగింది. ఇక్కడ ఒక కలిసొచ్చిన అంశం ఉంది. ఆ రేసులో పడవలన్నీ ఒకే డిజైన్. వాటి తయారీలో ఆ యార్డ్ కూడా భాగస్వామి. కాబట్టి ఎక్కడ ఎన్ని పొరలు, ఏ దిశలో అన్నది కొత్తగా ఊహించాల్సిన పని లేదు. పనికిరాని భాగాలు తీసేసి కొత్తవి తయారు చేసి కలిపారు. 2015 జూన్‌లో పోర్చుగల్‌లోని లిస్బన్ నుంచి మొదలైన ఎనిమిదో అంచెలో టీమ్ వెస్టాస్ విండ్ మళ్లీ స్టార్ట్ లైన్ దగ్గర కనిపించింది.

ఇలాంటిదే ఇంకో పాత కథ. 1985 ఫాస్ట్‌నెట్ రేస్‌లో బ్రిటిష్ పాప్ సింగర్ సైమన్ లె బాన్ ఉన్న డ్రమ్ అనే పడవ కీల్ విరిగి తిరగబడింది. పడవలో 24 మంది. కొందరు లోపలే చిక్కుకుపోయారు. అందర్నీ కాపాడారు. కీల్‌ను పట్టుకునే చోట వెల్డింగ్ ఫెయిలైందని తేలింది. కొన్ని వారాల్లోనే పడవను బాగు చేసి అదే ఏడాది విట్‌బ్రెడ్ ప్రపంచ రేస్‌కు దింపారు. మూడో స్థానంలో నిలిచింది.

గమనించారా? ఈ రెండు పడవలకూ తగిలిన దెబ్బ ఎంత పెద్దదంటే, ఎవరూ పర్లేదులే అనలేకపోయారు. మొత్తం విప్పారు, మూలం దాకా వెళ్లారు. అందుకే మళ్లీ సముద్రం మీదకు వెళ్లగలిగాయి. చిన్నగా తగిలిన దెబ్బకే ఆ శ్రద్ధ దొరకదు. డేంజర్ అక్కడే.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కీల్ డిజైన్‌కు ఐఎస్ఓ 12215-9 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పడవ పక్కకు పడుకున్నప్పుడు, నేలను తాకినప్పుడు కీల్, దాని అతుకు ఎంత లోడ్ తట్టుకోవాలో అది చెబుతుంది. వరల్డ్ సెయిలింగ్ సంస్థ కూడా దూర సముద్ర పోటీలకు నిబంధన పెట్టింది. రేసుకు ముందు 24 నెలల్లోపు అర్హత ఉన్న వ్యక్తితో, పడవను నీళ్ల బయట పెట్టి స్ట్రక్చర్ తనిఖీ చేయించాలి. మధ్యలో గ్రౌండింగ్ జరిగితే దాని తర్వాత మళ్లీ చేయించాలి.

మన తెలుగువాళ్లకు ఇదంతా దూరం విషయం కాదు. 2017-18లో భారత నౌకాదళ మహిళలు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే సెయిల్‌బోట్‌లో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్‌లో సమస్య రావడంతో షెడ్యూల్‌లో లేకపోయినా మారిషస్‌లో ఆగి, రిపేర్ చేయించుకుని గోవా చేరారు. ఇల్లు దగ్గర పడిందని అలాగే లాగించేయలేదు. ఆగాల్సిన చోట ఆగారు.

సెయిల్‌బోట్ కొనేవాళ్లు, అద్దెకు తీసుకునేవాళ్లు, సిబ్బందిగా ఎక్కేవాళ్లు అడగాల్సినవి ఇవే..

ఈ పడవ ఎప్పుడైనా నేలను తాకిందా? తాకితే ఎంత వేగంతో? ఆ తర్వాత ఎవరు చెక్ చేశారు, కీల్ విప్పి చూశారా? రిపేర్ జరిగితే ఫొటోలు, రికార్డు ఉన్నాయా? చివరిసారి బోల్టులు ఎప్పుడు చూశారు?

ప్రయాణంలో ఉన్నట్టుండి అడుగున నీళ్లు చేరుతుంటే, ఎక్కడి నుంచో తెలియకపోతే.. కీల్ అతుకు దగ్గర లీకేజీ ఉందేమో మొదట్లోనే చూడాలి. లైఫ్ రాఫ్ట్ వెంటనే చేతికందేలా ఉంచుకోవాలి. దగ్గర్లోని రేవు వైపు తిరగాలి. వెనకటి ఓనర్ ఏదో చిన్నగా ఇసుకకు తగిలింది, అంతే అని చెబితే.. ఆ మాటను కొట్టిపారేయకుండా ముందుగా ఆ చోటే విప్పి చూపించమని అడగండి.